దొరసానమ్మ రికార్డుకు మా అవ్వ పోసిన తలంటు

పోయిన వారం మా మనవడు కొత్త రికార్డు ఒకటి తెప్పించుకున్నాడు. పైనున్న పల్చటి ప్లాస్టిక్ తొడుగు చింపగానే, కొత్త గొడుగు మొదటిసారి విప్పినప్పుడు వచ్చేలాంటి వాసన హాలంతా కమ్ముకుంది. వాడి అలమరా నిండా రాక్, మెటల్ ఆల్బములే. వాటిని వాడు పాట బాగుందా లేదా అని కాక, ధ్వనిని ఎంత శుభ్రంగా పట్టారు అన్న లెక్కన వరస పెట్టుకుంటాడు. నన్ను తీసుకెళ్లి రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన కుర్చీలో కూలేసి, "పాట నచ్చకపోయినా ఫరవాలేదు నానమ్మా, సౌండు విను. ఏ వాయిద్యానికి ఆ వాయిద్యం విడిగా వినబడుతోందా లేదా చెప్పు" అన్నాడు. నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నా చిన్నప్పుడు బిట్రగుంట రైల్వే కాలనీలో, దొరసానమ్మ వరండా మెట్ల మీద కూర్చుని, వక్క నములుతూ మా నాయన అన్న మాట అదే. "ఈ విద్య మీ ముత్తాతకే తెలుసురా" అంటే వాడు నమ్మలేదు. వాడి కోసమే ఇదంతా రాస్తున్నాను.

మాది దూదేకుల ఇల్లు. రైల్వే కాలనీ గేటు అవతల, ఊరికీ కాలనీకీ నడుమ, కాలనీ వాళ్లం కాక, ఊరి వాళ్లమూ పూర్తిగా కాక ఉండేవాళ్లం. తెల్లవారకముందే ఇంజన్ల షెడ్డులో ఆవిరి బుస్సుమనేది, గూడ్సు డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకునేవి, కూతలు ఒకదాని మీద ఒకటి పడేవి. ఆ రొదలో పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి ఎప్పుడైనా షెడ్డు కాసేపు నిశ్శబ్దంగా ఉంటేనే ఉలిక్కిపడి లేచేవాళ్లం. కార్తీకంలో తుపాను వానలకు ఇంటి ముందు మోకాటి లోతు నీళ్లు నిలిస్తే తాటాకు పడవలు వదిలేవాళ్లం. వేసవిలో తాటి ముంజలు, నూనె తేలే చేపల పులుసులో ఉడికి మెత్తబడ్డ పుల్ల మామిడి ముక్కలు, సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి. ఇన్ని సుఖాల మధ్య ఒకటే బాధ, బొగ్గు మసి. ఆరేసిన బట్టల మీద మసి, తాగే నీళ్లలో మసి, చివరికి పెరుగు మీగడ మీద కూడా సన్నటి మసి నలుసులే.

ఆ మసికి బద్ధశత్రువు మా మస్తానవ్వ, అంటే మా నాయన తల్లి. నల్లగా ఏది కనబడ్డా దాన్ని కడిగితే గానీ ఆవిడకు ముద్ద దిగేది కాదు. మేకపిల్లను కడిగేది, వాకిట్లో గుంజలు కడిగేది, బడి నుంచి వచ్చిన నన్ను గడప దాటనివ్వకుండా అక్కడికక్కడే కడిగేది. నేను ఛామనఛాయ అని, అది మసి కాదని ఆవిడకు చెప్పి ఒప్పించేసరికి మా అమ్మ తలప్రాణం తోకకొచ్చేది. చెబితే వినేందుకు అవ్వకు చెవులు కూడా లేవు. చిన్నతనంలో అమ్మవారు పోసి వినికిడి మొత్తం పోయింది. మాట మాత్రం ఖంగుమనేది. మేం చేతులతో, పెదవులతో చెబితే తను ఊరంతా వినబడేటట్టు జవాబిచ్చేది.

ఆ తల్లికి పుట్టిన మా నాయనకేమో పాము చెవులు. దూది ఏకే విల్లుకు నరం బిగించి, కొయ్య గుండుతో దాన్ని మీటుతూ, తల పక్కకు వంచి వినేవాడు. నరం మోత గుండ్రంగా వస్తే దూది దానంతటదే విచ్చుకుంటుందని, బొంగురుగా వస్తే ఉండలు కడుతుందని ఆయన నమ్మకం. ధుమ్ ధుమ్మని విల్లు మోగుతుంటే తెల్లటి దూది పొరలు పొరలుగా లేచి ఆయన మీసాల మీద, కనుబొమల మీద, నా జడల మీద వాలేది. మధ్యాహ్నానికి మా ఇంటిల్లిపాదీ ముసలివాళ్లమైపోయేవాళ్లం.

ఏటా ఎండలు ముదరగానే కాలనీ బంగళాల్లో పరుపులన్నీ మా ఇంటికి వచ్చేవి. అందులో ఆంగ్లో ఇండియన్ గూడ్సు డ్రైవరు గారి భార్య గ్లాడిస్ దొరసానమ్మ ఇల్లు మాకు ప్రాణం. ఆవిడ పూల గౌను వేసుకుని, పిన్నులు గుచ్చిన తలతో వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తూ మాతో తెలుగులో పోట్లాడేది. ఆ ఇంటి ముందు గదిలో బీరువాను పడుకోబెట్టినంత రేడియోగ్రామ్, అంటే రేడియో, రికార్డులు తిప్పే యంత్రం కలిసిన పెట్టె, ఉండేది. ఓడల్లో పనిచేసే ఆవిడ తమ్ముడు ఏ దేశంలోనో కొని పంపిన రికార్డు ఒకటి ఆవిడకు ఆరో ప్రాణం. అది రాక్ అండ్ రోల్ అని ఆవిడే చెప్పింది. ఊళ్లో పెళ్లిళ్లకు కొబ్బరిచెట్టుకు కట్టే మైకులో పాటంటే గొంతు పిసికిన కాకి అరుపే మాకు తెలుసు. ఈ పెట్టెలో మాత్రం పాడేవాడు పాట ఎత్తుకోబోయే ముందు పీల్చిన గాలి కూడా వినబడింది. తీగ మీద వేలు జారిన చప్పుడు వినబడింది. అన్నిటికన్నా అడుగున, కడుపులోంచి వచ్చినట్టు, లావు తీగ వాయిద్యం ఒకటి ధుమ్ ధుమ్మని నడుస్తుంటే నేను మా నాయన మొహం చూశాను. ఆయన నమలడం ఆపేశాడు.

"అమ్మగారూ, దీన్లో నరం మోగతా ఉండాది. మంచి నరం. దేనికది యిడిగా యినపడతా ఉండాది, సూడండి" అన్నాడు.

ఒక్క ఇంగ్లీషు ముక్క రాని మా నాయన అప్పటి నుంచి ఆ ఇంట్లో రికార్డులకు న్యాయాధిపతి అయిపోయాడు. దొరసానమ్మ కావాలని ఒక్కొక్కటే వేసేది, ఆయన "ఇది ఉండలు కట్టింది", "ఇది బాగా ఏకినారు" అని తీర్పులు చెప్పేవాడు, ఆవిడ పడీ పడీ నవ్వేది.

నేను చెప్పబోయే ఏడు, ఈస్టరు పండగకు రెండు రోజుల ముందు ఆ ఇంటి పరుపు మా ఇంటికి వచ్చింది. పండగకు ముందు నలభై రోజులు వాళ్లకు ఉపవాసాల కాలం. పాటలూ ఆటలూ బంద్. అందుకని దొరసానమ్మ ఆ రికార్డును పిల్లల చేతికి అందకుండా గుడ్డ సంచిలో పెట్టి, పరుపు గలీబు లోపల దాచి మరిచిపోయింది. ఈస్టరు ఆదివారం సాయంత్రం కాలనీ క్లబ్బయిన రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు. ఆ రేడియోగ్రామ్‌ను నలుగురు మోసుకెళ్లి అక్కడ పెడితే కాలనీ అంతా ఏడాది పొడుగునా ఎదురుచూసేది ఆ రికార్డు కోసమే. నాయన నన్ను కూడా తీసుకెళతానని మాటిచ్చి ఉన్నాడు.

పరుపు కుట్లు విప్పడం అవ్వ పని. విప్పింది. సంచి దొరికింది. సంచిలో నల్లటి పళ్లెం. దూది నలుసులన్నీ అంటుకుని, ఆవిడ కంటికి సాక్షాత్తూ మసి బొమ్మలా కనబడింది. పుట్టి బుద్ధెరిగి పాట విని ఎరగని మనిషికి అది రికార్డని ఎలా తెలుస్తుంది? దొరల ఇంటి ఫలహారం పళ్లెం, మేకుకు తగిలించడానికి నడుమ బెజ్జం అనుకుంది. సన్నటి గీతలు చూసి, పీచు వేస్తే పనితనం పోతుందని, కొత్త దూది ఉండను కుంకుడు నురగలో ముంచి, చంటిబిడ్డకు తలంటినంత నాజూగ్గా, మూడు వాయిలు రుద్దింది. నలుపు పోలేదు. నడుమ అంటించిన కాగితం మీది పేరు మాత్రం పోయింది. దాంతో ఆ రికార్డు పేరేమిటో ఈ రోజుకీ నాకు తెలియదు. మా మనవడు ఎంత గింజుకున్నా చెప్పలేను. ఆపైన ఆవిడ దాన్ని తీసుకెళ్లి, మిట్టమధ్యాహ్నపు ఎండలో, అప్పడాల చాప మీద, అప్పడాల పక్కన ఆరేసింది.

నేను ఆడుకుని ఇంటికొచ్చేసరికి అది అప్పడాలతో పాటే ఎండి, అప్పడాలతో పాటే అంచు లేపి ముడుచుకుని ఉంది. నేను పెట్టిన కేకకు షెడ్డులో వాళ్లు కూడా తిరిగి చూసుంటారు గానీ, పక్కనే కాకుల్ని తోలుతున్న అవ్వ మాత్రం తిరగలేదు. నాయన వచ్చి దాన్ని చూసి, విల్లు కింద పెట్టి, దూది కుప్పలోనే చతికిలబడ్డాడు. డబ్బు పెట్టినా దొరకని వస్తువు. పైగా పడగ్గదిలోని పరుపుల దాకా మమ్మల్ని నమ్మిన కాలనీ. ఇంక ఆ గేటులో కాలు పెట్టనిస్తారా?

"నేనే మొగం పెట్టుకుని పోయేది?" అన్నాడు నాయన. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

అవ్వ నా గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది. ఆ పళ్లెం ఏమిటో నేను చేతులతో చెప్పాను. అది తిరుగుతుందన్నాను, నాయన విల్లు మీటినట్టు అభినయించి అది అలా మోగుతుందన్నాను. ఆవిడ కాసేపు ఆ గీతల్నే చూసింది. తర్వాత కొంగు దోపింది.

"ఏడవబాకండి. అప్పడం ముడుచుకుంటే పారేస్తామా యాడన్నా?" అంది.

ముడుచుకున్న అప్పడాలను మా ఇళ్లలో పచ్చి ఆరకముందే దొంతర పేర్చి, పైన బరువు పెట్టి చదును చేస్తారు. అవ్వ అదే చేసింది. అప్పడాలు వత్తే కడప బండ ఒకటి, తోడు ఇంకొకటి ఎండలో పెట్టి, చెయ్యి ఆనిస్తే చురుక్కుమనే దాకా కాచింది. పల్చటి మల్లు గుడ్డలో రికార్డును చుట్టి, రెండు బండల నడుమ పడుకోబెట్టి, కాసేపటికి అది మెత్తబడి లొంగాక, బండలతో సహా నీడకు జరిపించి పైన రుబ్బురోటి పొత్రం పెట్టింది. ఇక ఎవర్నీ దాని దరిదాపులకు రానివ్వలేదు.

నాయన మాత్రం దాచిపెట్టి బతకడం తన వల్ల కాదని మర్నాడు పొద్దున్నే వెళ్లి దొరసానమ్మతో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ గొడుగు కూడా మరిచి ఎండలో పరుగెత్తుకొచ్చింది. పొత్రం మీద చెయ్యి వేయబోతే అవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"తియ్యబాకమ్మా! ఇప్పుడు తీస్తే మళ్లీ లేస్తాది. రేపు తీసేది."

"నా తమ్ముడు ఇచ్చింది మస్తానమ్మా! వాడు వచ్చి మూడు సంవత్సరం అయింది!" అంటూ దొరసానమ్మ ఏడ్చింది. అవ్వకు మాట వినబడకపోయినా ఏడుపు అర్థమైంది. ఆవిణ్ణి పీట మీద కూర్చోబెట్టి, మొహం తుడిచి, అప్పడం కాల్చి పెట్టింది. దొరసానమ్మ ఏడుస్తూనే ఒకటి, ఏడుపు ఆపి ఇంకొకటి తిని, పొత్రం వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయింది. ఆ పొత్రం చుట్టూ ఆ రోజంతా మేం పిల్లుల్లా తిరిగాం.

ఆదివారం సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ నిండా గంజి పెట్టిన గౌన్లు, నూనె రాసి దువ్విన క్రాపులు. అవ్వ మాతో వచ్చి మెట్ల దగ్గరే నిలబడిపోయింది. దొరసానమ్మ గుడ్డ విప్పి రికార్డు పెట్టింది. దాదాపు చదునే, ఒక్క పక్క మాత్రం చిన్న అల మిగిలింది. ముల్లు ఆ అల ఎక్కి దిగినప్పుడల్లా నాయన నా భుజం గట్టిగా నొక్కుతున్నాడు. పాట మొదలైంది. ఎప్పుడూ ఉండే చిటపటలు లేవు. ఇన్నేళ్ల దుమ్ము, జిడ్డు కుంకుడుతో పోయి, డోలు వాయించేవాడి కుర్చీ కిర్రుమనడం కూడా వినబడింది. లావు తీగ మోత చెక్క నేలంతా పాకింది. "ఏకినట్టుండాది" అన్నాడు నాయన.

దొరసానమ్మ డాన్సు మధ్యలో వదిలేసి బయటికి వచ్చింది. వద్దు వద్దంటున్న అవ్వను చెయ్యి పట్టుకుని, గౌన్ల మధ్య నుంచి నడిపించుకెళ్లి, ఆ చేతిని తీసి రేడియోగ్రామ్ చెక్క మీద ఆనించింది. అవ్వ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. మళ్లీ తనే పెట్టింది. రెండో చెయ్యి కూడా పెట్టింది.

"కొట్టుకుంటా ఉండాదే! నా బిడ్డ విల్లే ఇది!" అని హాలంతా అదిరేటట్టు అరిచింది. చెవులు పోయినా, కొడుకు దూది ఏకేటప్పుడు విల్లు మీద చెయ్యి ఆనించి ఇన్నేళ్లూ ఆవిడ విన్నది ఆ అదురే.

ఆ ఏటి నుంచి కాలనీలో ప్రతి ఇంటి రికార్డులూ పరుపులతో పాటే అవ్వ దగ్గరికి తలంటుకు వచ్చేవి. ఎండలో మాత్రం ఆరేసేది కాదు.

ఇప్పుడు బిట్రగుంటలో ఆవిరి ఇంజన్లు లేవు, మసి లేదు. దొరసానమ్మ వాళ్లు ఒక్కొక్కరే ఎటు వెళ్లారో తెలియదు. స్పాంజి పరుపులు వచ్చాక నాయన విల్లుకు నరం బిగించడమే మానేశాడు. నిన్న పక్కింటివాళ్లు గొడవ పెట్టారని మా మనవడు స్పీకర్లు ఆపి, చెవులకు డిప్పలు తగిలించుకున్నాడు. లోపల వాడికి పిడుగులు పడుతున్నాయట, తల ఊగిపోతోంది. సోఫా అదరదు, నేల అదరదు, పక్కనే కూర్చున్న నాకు చీమ చిటుక్కుమన్నంత కూడా వినబడదు. ఎందుకో వాడి వీపు మీద అరచెయ్యి ఆనించి చూశాను. వాడి గుండె తప్ప ఏమీ తగల్లేదు. అవ్వే ఉండుంటే, ఈ ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టి వినేది?