కండ్లసామికి తలంటు

ఫ్యాక్షన్ రోజుల్లో మా జమ్మలమడుగు వైపు ఏ పార్టీలోనూ లేకుండా బతకడం ఒక విద్య. అది నాకు వచ్చని కాదు, నన్ను ఏ పార్టీ వాళ్ళూ లెక్కచేయలేదు, అంతే. అర్చకుల ఇంట పుట్టి, హైస్కూల్లో చరిత్ర చెబుతూ, సెలవు దొరికితే కాగితాల చుట్ట, సిరా డబ్బా పట్టుకుని పాత శాసనాలకు అచ్చులు తీసే మనిషిని ఎవరు పట్టించుకుంటారు?

అందుకే పెన్న ఒడ్డున ఒక ఊరి నుంచి రెండు పార్టీల వాళ్ళూ నన్నే పిలిపించారు. అక్కడ పాడుబడ్డ శివాలయం ముందు నిలువెత్తు రాయి ఒకటుంది. దాన్ని నిలబెట్టింది మా పెద్దలంటే మా పెద్దలని రెండు వర్గాలూ పట్టుబట్టాయి. పైగా పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. రాతలో ఎవరి పెద్దల పేరుంటే వాళ్ళు రాయిని పెకలించి తమ వీధిలోని కొత్త గుడికి తీసుకుపోవాలని ఒప్పందం.

ఊరికి అది పంతం. ఒక ముసలి గొర్రెల కాపరికి మాత్రం ప్రాణం. తాతల నాటి నుంచి ఆ రాయికి సందెదీపం పెట్టేది ఆయన ఇంటివాళ్ళే. సూర్యచంద్రులున్నంత కాలం దానం నిలవాలని, దాన శాసనాల మీద చెక్కినట్టే, ఈ రాయి పైభాగాన కూడా సూర్యుణ్ణీ నెలవంకనీ చెక్కారు. వీళ్ళు వాటిని కళ్ళనుకుని, మధ్యలో బొట్టు పెట్టి, కండ్లసామి అని మొక్కుతున్నారు. పొరపాటని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. నాక్కూడా ఆ రాయి ఒక కన్ను తెరిచి, ఒక కన్ను సగం మూసి నన్నే చూస్తున్నట్టుంది మరి.

తరతరాల ఆముదం, పసుపు, కుంకుమ అట్టకట్టి ఒక్క అక్షరమూ కనబడలేదు. అచ్చు తీయాలంటే తడి కాగితం రాయికంటించి, బ్రష్షుతో కొడుతూ అక్షరాల గుంతల్లోకి దించాలి. జిడ్డు మీద కాగితం నిలవదు. నేను కొబ్బరి పీచు తీసేసరికి ముసలాయన కర్ర అడ్డం పెట్టాడు.

“ఏంది అయివోరా, సామి ఒంటిని గీకుతావా?”

“గీకను తాతా, తలంటు పోస్తా.”

ఆయన కర్ర పక్కన పెట్టాడు. “అట్లయితే సీకాయతో పోయల్ల. నేనే పోస్తా.”

పొద్దున్నంతా సామికి స్నానమే. ఎప్పుడూ చెరో వైపు జీపుల దగ్గర గుంపుగా నిలబడే మనుషులు ఆ రోజు ఒకరు శీకాయ తెస్తే ఇంకొకరు వేడినీళ్ళు మోశారు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వే ధైర్యం చాలలేదు.

తడి కాగితం అంటించి, సిరా అద్ది, అచ్చు ఆరాక అందరి ముందూ చదివాను. రెండు వర్గాల పెద్దల పేర్లూ అందులో లేవు. ఎవరో ఒకామె తన తల్లి పుణ్యం కోసం శివుడికి అఖండ దీపం పెట్టించి, దానికని యాభై గొర్రెలు ఇచ్చింది. ఆ గొర్రెలను తీసుకున్న కాపరి, అతని కొడుకులు, మనవలు రోజూ దీపంలో నెయ్యి పోయాలి. రాజుల భూరి దానాల శాసనాలు చాలా చదివాను. వాటిలో భక్తి రాజుదే. ఇక్కడ మాత్రం భక్తి అంతా రోజూ మరిచిపోకుండా నెయ్యి పోసే కాపరి చేతిలో ఉంది.

“గొర్రెల రాయా!” అని ఒక నాయకుడు తుండు దులుపుకుని లేచాడు. రెండో ఆయన అప్పటికే జీపెక్కాడు. మాకొద్దంటే మాకొద్దన్నట్టు వెళ్ళిపోయారు.

ముసలాయన మాత్రం కదల్లేదు. “సామిని యాడికి తీస్కపోతారంట?”

“ఎక్కడికీ పోడు తాతా. గొర్రెలు తీసుకున్న కాపరి వంశమే దీపం పెట్టాలని రాసుంది. నెయ్యి దీపం.”

ఆయన గబగబా చెంపలేసుకున్నాడు. “నెయ్యని తెల్దు సామీ. ఆముదమే పోస్తాంటిమి.”

ఆ కాపరికీ ఈయనకూ చుట్టరికం ఉందో లేదో నాకు తెలియదు. చరిత్ర మాస్టారిగా ఆ మాట చెప్పాలని నోరు తెరిచాను. ఆయన అప్పటికే ఏటి గట్టున మేస్తున్న తన మందను కొత్తగా చూస్తున్నాడు.

“అయితే అయివోరా, ఇయ్యి మావి గావా? ఇన్నాళ్ళూ సామి గొర్రెల్నా మేము మేపుకుంటాండేది?”

చుట్టరికం మాట పక్కన పెట్టి కాగితాలు చుట్టేశాను. సాయంత్రం బస్సు వదులుకుని మరీ కూర్చున్నాను. గుళ్ళల్లోనే పెరిగిన వాణ్ణి, ఏ దీపం చూసీ అంత సంతోషపడింది లేదు. ముసలాయన ఇంటి నుంచి నెయ్యి గిన్నె తెచ్చి, ప్రమిదలో పోసి, వత్తి వెలిగించి, మందలో ఎన్ని ఈనాయో సామికి చెప్పుకుంటూ కూర్చున్నాడు.