మిద్దె బాగుండాదని చెప్పినందుకు

ఆ రోజుల్లో కర్నూలు రాజధాని. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే నావైపు జాలిగా చూస్తారు. నిజంగానే రాజధాని. ఆఫీసులు డేరాల్లో, గుమాస్తాలు సత్రాల్లో, ఫైళ్లు ఎక్కడ నీడ దొరికితే అక్కడ. ఆ సందడిలోకి పత్తికొండ పక్క పల్లె నుంచి కాలేజీ చదువుకని ఒక ట్రంకు పెట్టెతో దిగాను నేను. పదిహేడేళ్ల నాకు అదే లండను. (లండను పోయినవాళ్లయినా అంత బెదిరి ఉండరు.) సత్రంలో మూడు రోజులకు మించి ఉండనివ్వరు. బస్సెక్కించేటప్పుడు మా నాయన చెప్పిన మాట ఒకటే: "గది దొరక్కుంటే వచ్చెయ్ అప్పా, ఎద్దులు నీకోసం చూస్తాంటాయి."

మూడో రోజు పొద్దున మేనమామ ఇచ్చిన పాత కోటు తొడుక్కుని, విన్న చిరునామాలు రాసుకోవడానికి నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని వీధుల వెంట తిరిగాను. ఒక సందులో కడప బండలు పరచిన అరుగుతో చక్కని మిద్దె కనబడింది. వాకిట్లో నిలబడిన పెద్దాయనతో, "ఇల్లు చూడాలని వచ్చినాను" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. లోపలికి తీసుకుపోయి కుర్చీ వేశాడు. ఆయన తల్లి, బక్కపలచని అవ్వ, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి ముందు పెట్టింది. కర్నూలువాళ్లు ఎంత మంచివాళ్లో అనుకుని తింటూ కూర్చున్నాను.

"ఇల్లు చూసేదానికే బాగుంటాది సార్. వానొస్తే కురుస్తాది" అన్నాడాయన.

"పర్వాలేదు. చెంబులు పెట్టుకుంటాను" అన్నాను.

"బావి నీళ్లు ఉప్పు."

"మా ఊర్లోనూ అంతే."

"గోడల్లో తేళ్లు శానా ఉండాయి సార్."

"చెప్పులేసుకుని తిరుగుతాను" అంటూ, మరిచిపోకుండా తేళ్ల సంగతి నోటుబుక్కులో రాసుకున్నాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చివరికి వెనక గదిలో వాళ్ల తాత దయ్యమై తిరుగుతున్నాడని చెప్పాడు. నాకు ఎద్దులు గుర్తొచ్చాయి. "పెద్దాయనే కదా, ఉండనీ" అన్నాను.

అప్పటిదాకా నా వైపే చూస్తున్న అవ్వ అడిగింది: "యా ఊరప్పా నీది? ఎవరి పిల్లోనివి?" చెప్పాను. కాలేజీలో చేరానని, ఒక్క గది చాలని కూడా చెప్పాను. ఆఫీసర్ల కాపురాలకు సర్కారు ఊళ్లోవాళ్ల ఇళ్లను తీసుకుంటోందనీ, నన్ను వాటిని కొలవడానికి వచ్చే గుమాస్తా అనుకున్నారనీ అప్పుడు తెలిసింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. బజ్జీల పళ్లెం వైపు చూసి, "ఇంకేం మిగిల్చినావు లేప్పా" అన్నాడు. కాసేపు ఆలోచించి, అద్దెకు మనిషి ఉంటే సర్కారు ఆ ఇంటి జోలికి రాదేమోనని తాతగారి గది నాకే ఇచ్చాడు. (తాత ఎన్నడూ కనబడలేదు. తేళ్లు కూడా లేవు.) వారంలోనే ఆయన నాకు మామ అయిపోయాడు.

పది రోజులకు అసలు మనిషి వచ్చాడు. కోస్తావైపు వాడు, సన్నగా, టేపుతో. మామ ఇంట్లో లేడు. అవ్వ కురిసే మిద్దె, ఉప్పు నీళ్లు అన్నీ ఏకరువు పెట్టింది. అతను అరుగు మీద చదువుకుంటున్న నా వైపు తిరిగి, "తమరేనాండీ అద్దెకుంటున్నది? ఇల్లు ఎలా ఉందండీ?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ 'తమరు' అనలేదు. ఒక్కసారిగా పెద్దవాణ్ణయిపోయినట్టనిపించింది. లేచి నిలబడి, "శానా బాగుండాది సార్. గాలి, వెలుతురు, నీళ్లు కూడా తియ్యగా ఉంటాయి. మా పక్క ఇట్లాంటి ఇల్లు లేదు" అన్నాను. అవ్వ ముఖం చూశాక గాని ఏం చేశానో తెలియలేదు. అప్పటికే అతను రాసుకున్నాడు.

ఇంటి ముందరి రెండు గదులూ ఒక ఆఫీసరు కాపురానికి పోయాయి. మామ కుటుంబం వెనక భాగంలో సర్దుకుంది. నా గదిలోకి అవ్వ మంచం, ధాన్యం గాదె వచ్చాయి. నేను పుస్తకాలతో మిద్దె మీదికి చేరాను. ఆ రోజే నా పెట్టె సర్దుకున్నాను. మామ చూసి, "యాడికి పోతాండావు? ఇంగ గది యాడ దొరుకుతాది నీకు?" అని పెట్టె లాక్కుని లోపల పెట్టాడు. అవ్వ రెండు రోజులు నా ముఖం చూడకుండా సంగటి వడ్డించింది. మూడో రోజు నెయ్యి కాస్త ఎక్కువే వేసి, "అబద్ధం చెప్పేది కూడా చేతకాకపాయె, ఏం బతుకుతావో" అంది.

రెండేళ్లు అలా ఇరుక్కుని బతికాం. రాజధాని హైదరాబాదుకు తరలిపోయే నాటికి నా చదువూ అయిపోయింది. సెలవు తీసుకుంటూ కాళ్లకు మొక్కితే అవ్వ అంది: "కాలేజీలో నీకెన్ని మార్కులేసినారో గానీ, మా ఇంటికి నువ్వు నూటికి నూరేసినావప్పా."

తర్వాత చాలా ఊళ్లలో ఉన్నాను. ఎవరైనా ఏదైనా అడిగితే ముందూ వెనకా చూసి, సగం నోట్లోనే ఉంచుకుని జవాబు చెప్పడం నేర్చుకున్నాను. అందరూ నన్ను తెలివైనవాడంటారు. అలా అన్నప్పుడల్లా, అరుగు మీద లేచి నిలబడి 'శానా బాగుండాది' అన్న ఆ కుర్రవాడు తలపుకొస్తాడు. నవ్వొస్తుంది. అంత బాగా మళ్లీ దేన్నీ మెచ్చుకోలేకపోయానే అని కొంచెం కుళ్లు కూడా.