నూనె రాసిన గడ్డం

పనికి పోయే రోజు సుంకన్న గడ్డం గీసుకోకుండా ఇల్లు కదలడు. గుత్తి చుట్టుపక్కల విత్తన వేరుశనగ గోదాముల్లో పురుగు చావడానికి మందు పెట్టేది ఆయనే. బస్తాల దొంతి మీద మందపాటి ప్లాస్టిక్ పట్ట కప్పి, అంచుల వెంట ఇసుక సంచులు పేర్చి, లోపల మాత్రలు పెట్టి బయటికొస్తాడు. తేమ తగిలితే ఆ మాత్రలు విషవాయువు వదులుతాయి. పురుగుకీ మనిషికీ అది తేడా చూడదు. మధ్యలో అడ్డం నిలబడేది ముఖానికి కట్టుకునే రబ్బరు మాస్కు ఒక్కటే. దాని అంచు చర్మానికి అతుక్కోవాలి. నడుమ వెంట్రుకలుంటే అతుక్కోదు.

ఇది ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. హమాలీగా బస్తాలు మోసే రోజుల్లో మందు పెట్టేవాళ్లకు సాయం పోయి, చూసి నేర్చుకున్నాడు. మాస్కు తగిలించుకుని, దానికి బిగించిన, గాలిని వడకట్టే డబ్బా మూతిని అరచేత్తో మూసి, ఊపిరి పీల్చి చూస్తాడు. రబ్బరు ముఖాన్ని కరుచుకుంటే లోపలికి పోతాడు. దవడ దగ్గర సన్నగా బుస్సుమంటే పోడు. గోదాము యజమాని వచ్చి అరిచినా పోడు.

ఆయన పడుచుతనంలో గడ్డం మాసినవాణ్ణి చూస్తే, "ఏమప్పా, ఇంట్లో ఎవురన్నా పోయినారా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు టీ అంగడి ముందు కూర్చున్న కుర్రాళ్లందరికీ గడ్డాలే. నున్నటి ముఖంతో సుంకన్న కనబడితే వాళ్లకు నవ్వు.

"సుంకన్నా, ఈ వయసులో ఎవురికి చూపించేదానికి ఈ సోకు?"

"పురుగులకు రా. చచ్చేముందు మంచి ముఖం చూసి చస్తాయి."

అల్లుడు తిప్పేష్ ఆయనతోనే పని చేస్తాడు. చురుకైనవాడు, చేతిపని శుభ్రం. మామను చూసి అతనూ రోజూ గీసుకునేవాడు. ఈ ఎండాకాలం మానేశాడు. సుంకన్న కూతురు మహేశ్వరికి మళ్లీ నెల తప్పింది. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. భార్య కడుపుతో ఉన్నప్పుడు మొగుడు కత్తి తాకించుకోకూడదని సుంకన్న భార్య కదిరమ్మ పట్టుపట్టింది. ఆ రెండుసార్లూ అల్లుడు గీసుకుంటూనే ఉన్నాడన్నది ఆమె మనసులో నాటుకుపోయింది.

"బిడ్డ భూమ్మీద పడినాక నీ ఇష్టమొచ్చినట్ల గీక్కోప్పా. అంతదంకా ఆ బ్లేడు నా కంట పడకూడదు," అంది అల్లుడితో.

"అయితే వాడు లోపలికి రాడు," అన్నాడు సుంకన్న.

"రాకపోతే ఏమి? బయట నిలబడి సంచులు అందిస్తాడు."

అట్లాగే ఒప్పుకున్నారు.

ఆషాఢపు గాలి మొదలైంది. ఒక మధ్యాహ్నం సుంకన్న ఊరి అవతలి గోదాములో మాత్రలు పెడుతున్నాడు. ఫోను బయట వదిలేశాడు. అదే సమయానికి, రైల్వే గేటు దగ్గర ముందురోజు మందు పెట్టిన గోదాములో, పగిలిన కిటికీ గుండా గాలి కొట్టి పట్ట ఒక మూల లేచింది. ఘాటు వాసన పక్క ఇళ్లదాకా పోతోందని కాపలా తిమ్మప్ప గోల పెట్టాడు. పట్ట చూసుకోవడానికి అక్కడ ఉండిపోయిన తిప్పేష్ మామకు ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు.

సుంకన్న పని ముగించుకుని వచ్చి అల్లుడి ఫోనుకు తిరిగి చేస్తే ఎత్తింది తిమ్మప్ప.

"మీ అల్లుడు లోపలికి పోయినాడన్నా."

"గడ్డంతోనేనా?"

"ఆముదం పూసుకున్యాడు. మాస్కు గట్టిగా పట్టిందంట."

సుంకన్న వచ్చేసరికి తిప్పేష్ గోడ నీడన కూర్చుని ఉన్నాడు. గడ్డం నూనెతో మెరుస్తోంది.

"ఏం కాలేదు మామా. చెయ్యి పెట్టి పీల్చి చూసినా, కరుచుకున్యాది. మూల సర్దేసి వచ్చినా."

సుంకన్న మాస్కు తీసుకుని అంచు వెంట బొటనవేలు నడిపాడు. నూనె చెమటతో కలిసి జారుతోంది. దవడ భాగంలో రబ్బరుకు రెండు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"లోపల వాసన వచ్చిందా?"

"కాసేపు వచ్చింది. ఆమీట పోయింది."

సుంకన్నకు తెలుసు. వాసన పోవడమంటే గాలి బాగుపడిందని కాదు. ముక్కు దానికి లొంగిపోయిందని.

"లెయ్. ఆస్పత్రికి పోదాం."

"ఇంతదానికా? ఆకలైతాంది మామా, కూడు తిని..."

"లెయ్ అంటి కదా!"

అనంతపురం దారిలో కారు ఆపించి తిప్పేష్ వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు.

కదిరమ్మ బస్సులో వచ్చింది. ఏదో పని ఉందని కూతురికి చెప్పి బయలుదేరింది. అప్పటికి అల్లుడి పెదవులు నల్లబడి ఉన్నాయి. నర్సు కృపాకుమారి గాలి మిషను మాస్కును అతని ముఖానికి బిగించింది. పట్టీలు ఎంత లాగినా దవడ దగ్గర బుస్సుమంటూనే ఉంది.

"గడ్డం సందుల్లోంచి గాలంతా పోతోంది. వెంటనే తీసెయ్యాలి."

సుంకన్న పని సంచిలోంచి కత్తి తీశాడు. కదిరమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"వద్దయ్యా. నీ కాళ్లు పట్టుకుంటా. ఈసారన్నా బిడ్డ నిలవాల."

"ఆ శబ్దం ఇను."

ఆమె విన్నది. ఊపిరి ఊపిరికీ సన్నటి బుస. తిప్పేష్ కళ్లు పైకప్పు మీద నిలిచి ఉన్నాయి.

"గోదాములో వాడికి అది ఇనపడల్యా. ఆముదం మింగేసింది."

కదిరమ్మ చెయ్యి వదిలింది. కొంగుతో అల్లుడి గడ్డం మీది జిడ్డు తుడిచి, రెండు చేతులతో అతని తల పైకెత్తి పట్టుకుంది. సుంకన్న ఒట్టి నీళ్లతో గీశాడు. ఎక్కడా చర్మం తెగలేదు. కృపాకుమారి మాస్కు మళ్లీ తగిలించింది. బుస ఆగింది.

"ఇప్పుడు పట్టింది," అంది ఆమె. "గుండె ఎట్లా తట్టుకుంటుందో రేపటిదాకా చెప్పలేమంటున్నారు డాక్టరు."

కదిరమ్మ దగ్గరున్న తిప్పేష్ ఫోను మోగింది. మహేశ్వరి. వీడియో కాల్. రోజూ ఈ వేళకు మొగుడి గడ్డం చూసి ఎగతాళి చేయడం ఆమెకు అలవాటు. కదిరమ్మ ఫోనును గుండెకు అదుముకుంది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"ఏం చెప్పేదయ్యా దానికి?"

సుంకన్న మాస్కు అంచుకు చెవి ఆనించి వింటున్నాడు.