వరదరాజన్ దొంగ గుండీలు

అన్నూరు చుట్టుపక్కల సగంమంది బడిపిల్లలు తొడుక్కునే యూనిఫాం వరదరాజన్ కుట్టించిందే. ఆయన మనవరాలు ఇలక్కియకు మాత్రం ఎనిమిదేళ్లు నిండినా తన చొక్కా గుండీలు తనకు పెట్టుకోవడం రాదు. వేళ్లకు పట్టు చాలదు. ఆ పట్టు వచ్చే అవకాశమైనా ఎవరిచ్చారు కనుక! పిల్ల చేయి కదిపేలోగా తాతగారు గుండీలన్నీ పెట్టేసి కాలరు కూడా సర్దేసేవాడు. పైగా దానికి ప్రేమని పేరు.

బళ్లో రెండు రోజుల క్యాంపన్నారు. ఎవరి బట్టలు వాళ్లు వేసుకోగలిగితేనే రమ్మన్నారు. ఇలక్కియ వస్తానని ఎగురుకుంటూ పేరిచ్చేసింది. దాంతో కోడలు వినోదిని పిల్లను కోయంబత్తూరులో చేతులకు పనులు అలవాటు చేయించే అముద అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లసాగింది. అక్కడ పిల్లచేత పిండి పిసికించడం, బట్టల క్లిప్పులు నొక్కించడం చూసి వెంట వెళ్లిన మామగారికి నవ్వాగలేదు.

"ఏమ్మా, పిండి పిసికేదానికి ఇంత దూరం రావాల్నా? మా ఇంట్లో పిండి లేదా?"

"పిండి ఉండాది తాతా. పిసికేదానికి మీరు విడిస్తే కదా!" అంది అముద.

తాతగారికి రోషం పొడుచుకొచ్చింది. యూనిఫాంల వరదరాజన్ మనవరాలికి గుండీలు రావంటే మానం నిలుస్తుందా? ఆ మహానుభావుడు పిల్ల చొక్కాలన్నిటికీ పైన ఉత్తుత్తి గుండీలు, లోపల ప్రెస్ బటన్లు కుట్టించాడు. అదిమితే పడుతుంది, లాగితే ఊడుతుంది. ఇంట్లో చప్పట్లే చప్పట్లు.

మరుసటిసారి అముద తన దగ్గరున్న చొక్కా తొడిగి విప్పమంది. ఇలక్కియ అలవాటుగా రెండు చేతులా పట్టి లాగింది. గుండీలు ఎగిరి కుర్చీల కిందికి దొర్లాయి. వచ్చినవాళ్లంతా చూస్తుండగా వరదరాజన్ మోకాళ్లమీద పాకుతూ ఏరుకున్నాడు.

"నన్ను క్యాంపుకి పిలుచుకోని పోరా తాతా?" అని పిల్ల ఏడుపు.

"పోతావు పాపా," అంది అముద. "తాతా, మీకూ ఒక వేలై, ఒక పని ఇస్తా ఉండా. పాప గుండీ పెట్టుకునేటప్పుడు మీ చేతులమీద మీరే కూర్చోవాల."

ఆమె మొదట పెద్ద గుండీని రంధ్రంలో సగం దూర్చి ఇచ్చి, మిగతాది పిల్లచేత లాగించింది. తర్వాత దూర్చడమూ పిల్లదే. ఇంట్లో తాతగారు చేతులు తొడల కింద పెట్టుకుని, పురిటినొప్పులు తనకే వచ్చినట్టు మూలిగేవాడు.

క్యాంపు రోజు బస్సు దగ్గరికి ఇలక్కియ తనే తొడుక్కున్న చొక్కాతో వచ్చింది. ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి. వరదరాజన్ చేయి చాచాడు.

"మామా, చెయ్యి!" అంది వినోదిని.

ఈలోగా టీచరమ్మ వంగి సర్దబోయింది.

"విడండి మిస్, నేనే పెట్టుకుంటి," అని ఇలక్కియ ఆమెను తప్పించుకుని మెట్లెక్కేసింది.

బస్సు కదిలేదాకా వరదరాజన్ ఒక చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకునే నిలబడ్డాడు.