నేను సంతకం పెట్టిన రిపోర్టు

మొన్న నారాయణఖేడ్‌లో నేను చదువుకున్న బడివాళ్లు పిలిస్తే పోయి, ప్లాస్టిక్కులను పరీక్షించే శాస్త్రవేత్తగా ముప్పై ఏళ్లకు పైగా చేసిన నా కొలువు గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాక, వెనక వరుసలోంచి ఒక ఆడపిల్ల లేచి, "మేడం, మీరు చేసిన పరీక్ష ఎప్పుడన్నా తప్పయిందా?" అని అడిగింది. నవ్వి ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, హైదరాబాదు బస్సెక్కిన దగ్గర నుంచీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నా ఈడువాళ్లకైనా చెప్పుకుంటే మనసు కొంత తేలికపడుతుందేమో.

నా పనిలో గొప్ప ఆవిష్కరణలేమీ లేవు. ఎవరో తయారుచేసిన ప్లాస్టిక్కు ముక్క తెచ్చిస్తే, అందులో ఏమేం కలిపారో, అది ఎండకూ బరువుకూ ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పడమే. ఆవగింజంత ముక్కను మిషన్లో చిన్న గిన్నెలో పెట్టి మెల్లగా వేడి చేస్తుంటే, అది కరిగే చోట మిషను పెన్ను కాగితం మీద చిన్న గుట్టలా గీత గీసేది. ఒకే రకం సరుకైతే ఒకటే గుట్ట, పాత తుక్కు కలిపితే పక్కనే రెండోది. ఆ గీతను చూస్తూ కూర్చుంటే నాకు ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు.

కొలువులో చేరిన కొత్తలో, పొలాల్లో మందు కొట్టే పంపుల ట్యాంకు ముక్క ఒకటి పరీక్షకు వచ్చింది. రెండో గుట్ట స్పష్టంగా లేచింది. పనికిరాదని రాసి మా పెద్దసారు ముందు పెట్టాను. వారం తిరగకుండానే తయారీదారులు తళతళలాడే మరో ముక్క పంపారు. "మొదటిది పొరపాటున పంపారట, దీనికే రిపోర్టు రాయమ్మా" అన్నారాయన. మాకు పంపే ముక్క వేరు, ఊళ్లలో అమ్మే సరుకు వేరని నాకు అర్థమవుతూనే ఉంది. అయినా కొలువు ఇంకా పర్మనెంటు కాలేదు. మారు మాట్లాడకుండా సంతకం పెట్టాను. మొదటి కాగితం బీరువాలోకి పోయింది.

రెండేళ్ల తరువాత, సిర్గాపూర్ దగ్గరి ఊళ్లో పత్తికి మందు కొడుతుండగా మా బావ వీపు మీదే ట్యాంకు పగిలింది. మందంతా ఒంటి మీద కారి, గట్టుకు చేరేలోపే పడిపోయాడట. చాలా రోజులు దవాఖానలో ఉండి బతికి వచ్చాడు గానీ, కాళ్లలో బలం తిరిగి రాలేదు. పగిలిన ముక్కను గుడ్డలో మూటగట్టి మా అక్క నా దగ్గరకు తెచ్చింది. "నువ్వు గీ పనే చేస్తవు గద చెల్లె, ఇదెట్ల పల్గిందో చూడు" అంది.

ముక్క మీద అచ్చయిన పేరు నేను రిపోర్టు రాసిన కంపెనీదే. వేరే ఏదైనా కారణం దొరకాలని బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకుంటూ మిషన్లో పెట్టాను. అదే రెండో గుట్ట, అదే చోట.

ఆ ఆదివారమే పోయి, బావ మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఆయన, "నువ్వు సంతకం పెట్టకుంటే ఇంకొకడు పెడుతుండె. ఇగ పరేషాన్ గాకు" అన్నాడు. తిట్టినా బాగుండేది. అక్క రొట్టె పెట్టింది, నీళ్లిచ్చింది, బస్సు దాకా వచ్చింది. ఆ తరువాత మాత్రం తనంతట తానుగా నాకు ఎన్నడూ ఫోన్ చేయలేదు.

బీరువాలోని కాగితం తీసి వ్యవసాయ శాఖ అధికారులకు ఇచ్చాను. కొన్నాళ్లకు ఆ పంపులు దుకాణాల్లో కనపడలేదు. మరికొన్నాళ్లకు వేరే పేరుతో వచ్చాయని విన్నాను. నన్ను పరీక్షల గదిలోంచి తీసి స్టోరులో కూర్చోబెట్టారు. మళ్లీ మిషను ముట్టుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. బావ నిరుడు చనిపోయాడు.

నేను రిటైరయ్యే ముందు, కొత్తగా చేరిన ఒక అమ్మాయి, దొంగ రిపోర్టు రాయమన్న పై అధికారి మొహం మీదే "నేను రాయను సార్" అనడం విన్నాను. పెద్దాచిన్నా లేదని అందరూ విసుక్కున్నారు. పెద్దల మాటకు అడ్డం చెప్పకపోవడమే మర్యాదని మనల్ని పెంచారు, ఆ మర్యాద పోయిందని నా ఈడువాళ్లు ఇప్పటికీ బాధపడుతుంటారు. ఈ మార్పేదో మా కాలంలోనే వచ్చి ఉంటేనా అని నేనూ అనబోయి ఆగిపోతాను. పెద్దసారు రెండో ముక్క చేతికిచ్చిన రోజు ఆ గదిలో కాదనగలిగిన మనిషిని నేనొక్కదాన్నే ఉన్నాను.