సూఛిన్ అక్క నూట యాభై శాతం

మధ్యాహ్నం పన్నెండున్నరకు మా ఆఫీసులో లైట్లు ఆర్పేస్తారు. డబ్బాలో తెచ్చిన అన్నం తిని, బల్ల మీద తల వాల్చి ఒంటిగంటన్నర దాకా పడుకుంటాం. షింఝూ ఊళ్లో సర్క్యూట్ బోర్డుల డిజైన్లు గీసే ముప్పైమందిమి. అందరిలోకీ పెద్దది జియాన్ సూఛిన్ అక్క. యాభై ఆరేళ్లు, ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు, మొహం మీదే అనేసే నోరు. ఆమె పక్క సీటు నాది.

ఈ వసంతంలో అందరికీ ఫోర్‌కే మానిటర్లు వచ్చాయి. అక్షరాలు చూస్తే చీమ తలకాయలంత. మావాళ్లు కొంగల్లా మెడలు చాచి పనిలో పడ్డారు. కళ్లు మండుతున్నాయని ఒక్కరూ అనరు. అంటే ముసలివాళ్లయ్యారని పేరు పడుతుంది. దిక్కుమాలిన భయం, నాకూ ఉంది.

సూఛిన్ అక్క మాత్రం కుర్చీకి వీపు ఆనించి, చెయ్యి చాపినంత దూరంలో తెర పెట్టుకుని, అక్షరాల సైజు పెంచే స్కేలింగ్ మార్చుకుంటూ పోయింది. రెండు వందల శాతం పెడితే కింది బటన్లు తెర దాటిపోయాయి. నూట పాతిక పెడితే మెడ ముందుకు వంగింది. నూట యాభై దగ్గర హాయిగా కుదిరింది. అక్కడ ఆపేసింది.

మేనేజర్ లియావ్ కంట అది పడింది. ఆయనకూ యాభై దాటాయి. జుట్టుకు రంగు వేస్తాడు.

"సూఛిన్ అక్కా, ఎక్కువ కనబడాలని మంచి తెరలు కొంటే, అక్షరాలు ఇంతింత చేసి కూర్చున్నారేంటి? దండగ కదా."

"డిజైన్ ఎక్కడికీ పోలేదు సార్. మెనూలు, జాబితాలే పెరిగాయి. ఎంత స్పష్టంగా ఉన్నాయో మీరే చూడండి."

"అందరూ నూరు మీదే చేస్తున్నారు."

"అందరూ కళ్లు నులుముకుంటున్నారు కూడా."

మర్నాడే లియావ్ బదిలీ కాగితం తయారు చేయించాడు, ఆయన సంతకం ఒక్కటే తక్కువ. శుక్రవారం సాయంత్రంలోగా నూటికి తగ్గించాలి, లేదంటే స్టోరుకు బదిలీ. నాకు ఒళ్లు మండింది. అయినా పిరికిదాన్ని కదా, "పోనీ తగ్గించెయ్ అక్కా, అట్టపెట్టెలు మొయ్యగలవా?" అన్నాను.

"నోరు ముయ్యవే. ఇన్నేళ్లూ ఈ కళ్లతోనేగా వీళ్ల బోర్డులు గీశాను. వాటికేం కావాలో నేను చెప్తా, వీళ్లు కాదు."

శుక్రవారం మధ్యాహ్నం అందరూ నిద్రలో ఉండగా, ఒంటిగంటంబావుకు అక్క డబ్బా కడుక్కోవడానికి వెళ్లింది. నాకు నిద్ర పట్టలేదు. లియావ్ పిల్లిలా వచ్చాడు. అక్క కుర్చీలో కూర్చుని, తాను సంతకం పెట్టాల్సిన విడిభాగాల జాబితా ఆమె తెర మీద తెరిచాడు. వెనక్కి వాలి, పెదాలు కదుపుతూ సుఖంగా చదువుకుంటున్నాడు. సిగ్గు లేకపోతే సరి.

అక్క తిరిగొచ్చి గుమ్మంలోనే చూసింది. స్విచ్చులు ఆమె చేతి పక్కనే ఉన్నాయి. ఒంటిగంటన్నరకు ఇంకా ఆరు నిమిషాలుంది. టకటకా అన్నీ వేసేసింది. బల్లల మీది తలలన్నీ లేచాయి.

"ఫైలు వెతుకుతున్నా" అన్నాడు లియావ్.

"దొరికిందా సార్? ఇంకాస్త పెద్దవి చెయ్యనా?"

ఎవరూ నవ్వలేదు, భయం కొద్దీ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అక్క స్టోరుకు పోవడం ఖాయమనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం ఐదింటికి కాగితం పట్టుకుని వచ్చాడు. అక్క తెర వైపు చూశాడు, ఇంకా నూట యాభయ్యే. సంతకం పెట్టలేదు. వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత పెట్టుకుంటే బావుంటుంది అక్కా?"

"ముందు అది చింపండి."

చింపాడు.

"మీకైతే నూట డెబ్బై అయిదు" అంది అక్క, ఆఫీసంతా వినేలా.