మాస్టారి ఎడమ చెయ్యి

మాస్టారు పోయారన్న కబురు నాకు స్కూల్లోనే అందింది. మధ్యాహ్న భోజనాల వేళ. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, వాళ్ళు ఒకరినొకరు తోసుకోకుండా నేను కాపలా కాస్తున్నాను, ఫోను మోగింది. మాస్టారి భార్య. నేను ఆవిడను పిన్నిగారూ అని పిలుస్తాను. ఆవిడ ఏడవలేదు. "మీ మాస్టారు ఎల్లిపోయారమ్మా. ఆ సెయ్యి అలాగే గుండెల మీద ఉండిపోయింది. తీసి పక్కన పెడదామంటే నాకు మనసు రాలేదు," అన్నారు. పప్పు చల్లారిపోతోందని పిల్లలు గోల పెడుతున్నారు.

ఆ చెయ్యి సంగతి తర్వాత చెబుతాను. ముందు మాస్టారు ఎవరో చెప్పాలి.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. రైల్వే కాలనీలో తెలుగువాళ్ళు వేసే నాటకాల్లో వేషాలు కట్టేవారట. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక బీర్‌గావ్‌లో ఉన్న మా స్కూలుకొచ్చి, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు నాటకం నేర్పుతానని అడిగారు. వార్షికోత్సవానికి ఏదో ఒకటి తయారవుతుంది కదా అని మా హెడ్మాస్టరు ఒప్పుకున్నారు. బయటి మనిషి కాబట్టి క్లాసులో ఒక టీచరు ఉండాలన్నారు. తెలుగుదాన్నని, సైన్సు చెప్పుకునే నన్ను తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టారు. శనివారం పూట నాలుగు నోటుపుస్తకాలు దిద్దుకునే పీరియడు కాస్తా పోయిందని నేను చాలాకాలం సణుక్కున్నాను.

పిల్లలు డైలాగులు ఇస్తారని ఎదురుచూశారు. నెలలు గడిచినా ఆయన ఇవ్వలేదు. మా పిల్లల్లో ఎక్కువమంది ఉర్లా ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. ఆయన వాళ్ళను ఇంటికెళ్ళి ఒక మనిషిని చూసి రమ్మనేవారు. మీ నాన్న డ్యూటీ నుంచి వచ్చి ఎలా కూర్చుంటాడో, మీ అమ్మ కుళాయి దగ్గర వంతు కోసం ఎలా నిలబడుతుందో చూసొచ్చి, నోరు మెదపకుండా చేసి చూపించమనేవారు. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చునేవాళ్ళు. ఒకరు మధ్యలోకి వచ్చి చేస్తే మిగతావాళ్ళు అదేమిటో చెప్పాలి. ఎవరికీ అర్థం కాకపోతే చేసినవాళ్ళను వెక్కిరించేవాళ్ళు. మాస్టారు ఊరుకునేవారు కాదు. "అర్థం కాపోతే సేసినోడి తప్పేటి? సూసినోడు మరోపాలి సూడాల," అని నాతో తెలుగులో అని, అదే మాట పిల్లలకు తన శ్రీకాకుళం హిందీలో చెప్పేవారు. ఆ హిందీకి పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆయన కోప్పడకపోగా ఇంకాస్త సాగదీసి మాట్లాడేవారు. అప్పుడప్పుడు ఆయనే మధ్యలోకి వచ్చి చేసేవారు, ఎవరూ చెప్పలేకపోతే ఆఖర్న జవాబూ ఆయనే చెప్పేవారు.

నా సణుగుడు ఎప్పుడు ఆగిందో నాకు బాగా గుర్తు. ఏడో తరగతి పిల్ల ఒకతి, క్లాసులో పేరు పిలిస్తే కూడా గట్టిగా పలకనిది, మధ్యలోకి వచ్చి కూర్చుంది. బూట్లు తొడుక్కుంది. లేసులు కట్టుకుంది. లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుని నెమ్మదిగా లేసులు విప్పేసింది. డ్యూటీకి వెళ్తున్నాడు, డ్యూటీ నుంచి వచ్చాడు అని పిల్లలు అరిచారు. అది కాదని తలూపింది. మరోసారి చేసింది. ఈసారి ఎవరూ అరవలేదు. వెనకనుంచి ఎవరో, వాళ్ళ నాన్న పని పోయింది అన్నారు. అవునని తలూపింది. మాస్టారు శభాష్ అనలేదు, చప్పట్లు కొట్టించలేదు. వెళ్ళి ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చున్నారు. అప్పటికి వాళ్ళ నాన్న పని పోయి చాలా రోజులైందట. రోజూ హాజరు వేసే మాకెవరికీ తెలియదు.

ఆయనకు కొన్ని చాదస్తాలుండేవి. క్లాసు గది గుమ్మం దగ్గరే చెప్పులు విడిచేవారు. అది స్టేజీ అట, చెప్పులతో ఎక్కకూడదట. పిల్లలు చేస్తున్నంతసేపూ కుర్చీలో కూర్చునేవారు కాదు. టీ ఇస్తే ఆట అయ్యేదాకా ముట్టుకునేవారు కాదు, తర్వాత చల్లారిపోయిందని నామీద విసుక్కునేవారు. ఒకసారి పిల్లల్ని తెలీబంధా చెరువు గట్టుకు తీసుకెళ్ళారు. సాయంత్రం వాకింగుకి వచ్చేవాళ్ళలో ఒక్కొక్కరు ఒక్కొక్కరిని ఎంచుకుని, దూరం నుంచి చూస్తూ వాళ్ళలాగే నడవాలని చెప్పారు. మా పిల్లలకు దూరం అంటే ఏమిటో తెలిస్తే కదా. ఒక భారీ మనిషి వెనక్కి తిరిగి చూసేసరికి తనలాగే పొట్ట ముందుకు పెట్టి నడుస్తున్న వానర సైన్యం కనబడింది. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మాస్టారు వెళ్ళి రెండు చేతులూ జోడించి, ఎంత చక్కగా క్షమాపణ చెప్పారంటే ఆ పెద్దమనిషి చివరికి పిల్లలకు పల్లీలు కొనిచ్చి వెళ్ళాడు. తిరిగొస్తూ ఆటోలో, "ఆ క్షమాపణ నిజవా, నటనా మాస్టారూ?" అని అడిగాను. "సగం సగం. నీకు తెల్లేదా? అయితే బాగానే సేసేనన్నమాట," అన్నారు.

అలాంటి మనిషికి వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక వెళ్ళి చూశాను. నన్ను గుర్తుపట్టారు. వెంటనే ఎడమ చెయ్యి పైకి లేపారు. భుజం ఎత్తుకు తీసుకెళ్ళి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, ఆ పిడికిలిని మెల్లగా కిందికి లాగి గుండెల మీద పెట్టుకున్నారు. తర్వాత నా ముఖంలోకి చూశారు, అర్థమైందా అన్నట్టు. అర్థం కాలేదు. మళ్ళీ చేశారు. పిన్నిగారు వెనకనుంచి, ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అదే, నిద్రలో తప్ప ఆగడం లేదు అన్నారు.

మంచినీళ్ళా, ఫ్యానా, కిటికీ తలుపా, దేవుడి పటమా? ఇంట్లో ఉన్న వస్తువులన్నీ పిన్నిగారు ఆయన ముందుకు తెచ్చి చూపించారు. గార్డుగా ఊపిన జెండా కూడా బీరువా అడుగునుంచి తీశారు. ఏది చూపించినా ఆయన కాదన్నట్టు కళ్ళు మూసుకునేవారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? పలక మీద అక్షరాలు రాసి తీసుకెళ్ళాను, వేలితో చూపిస్తారేమోనని. ఆయన ఆ పలకను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశారు. డాక్టరును అడిగితే, మాటతో పాటు అక్షరం కూడా పోయిందమ్మా, లోపల ఆలోచన ఉంది, బయటికి దారి లేదు అన్నాడు. చదువుకున్న సైన్సంతా నాకు ఆ పూట ఎందుకూ కొరగాలేదు.

చివరికి పిల్లల్ని తీసుకెళ్ళాను. ఊహించడంలో వాళ్ళను మించినవాళ్ళు లేరు, వాళ్ళకు తెలుస్తుందని గట్టిగా నమ్మాను. మంచం చుట్టూ నేల మీద కూర్చున్నారు. చెప్పులు ఎవరూ చెప్పకుండానే బయట విడిచారు. మాస్టారు చెయ్యెత్తారు. పరదా దించమంటున్నారు అన్నారొకరు. గాలిపటం దారం అన్నారొకరు. రైలు ఆపమంటున్నారు, పండు కోస్తున్నారు, ఎవరినో రమ్మంటున్నారు. ఆయన ప్రతిదానికీ కళ్ళు మూశారు. చాలాసేపు చేశారు. ఆఖర్న చెయ్యి గుండెల మీదే ఉంచుకుని, పిల్లల వంక ఒక్కొక్కరినీ చూస్తూ ఉండిపోయారు. ఆయన కంటి కొసన నీళ్ళు చూసి నేను పిల్లల్ని లేపి బయటికి తెచ్చేశాను. తర్వాత కొద్ది రోజులకే పోయారు.

స్కూల్లో సంతాప సభ పెట్టారు. హెడ్మాస్టరు కళామతల్లి సేవ గురించి చాలాసేపు మాట్లాడారు. నిండు జీవితం గడిపారని, ఏ లోటూ లేకుండా వెళ్ళారని అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాట చెప్పడానికి ఆ మనిషి అన్ని రోజులు చెయ్యి ఎత్తి దించి ఎత్తి దించి అలిసిపోయి వెళ్ళారు. ఆ మాట పిన్నిగారికో, పిల్లలకో, నాకో తెలియదు. బహుశా చాలా చిన్నదే కావచ్చు, దిండు సర్దమని కావచ్చు. అది కూడా చెయ్యలేకపోయాం. మూడు నాలుగేళ్ళు ఆయన క్లాసులో కూర్చుని నేను ఏం చూశానో నాకే తెలియడం లేదు.

మొన్న శనివారం ఆ పీరియడులో నేను సైన్సు పుస్తకం పట్టుకుని వెళ్ళాను. పిల్లలు బెంచీలు గోడకు జరిపి గుండ్రంగా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఎవరూ లేవలేదు. బూట్ల లేసులు విప్పిన ఆ పిల్ల, ఇప్పుడు ఎనిమిదిలో ఉంది, మధ్యలో నిలబడి ఎడమ చెయ్యి ఎత్తింది. వేళ్ళు ముడిచింది. గుండెల మీదికి తెచ్చుకుంది. తు.చ. తప్పకుండా ఆయనే. ఎవరూ ఏమీ ఊహించలేదు. మరోసారి చేసింది. చూస్తూ చూస్తూ మిగతావాళ్ళు కూడా మొదలుపెట్టారు. గదిలో చేతులన్నీ లేచి, ముడుచుకుని, కిందికి దిగుతున్నాయి.

అప్పుడా పిల్ల నా వైపు తిరిగింది. "ఆఖిర్ మే తో సర్ బతా దేతే థే న, మేడమ్," అంది. ఎవరూ చెప్పలేకపోతే ఆఖర్న సారే జవాబు చెప్పేవారు కదా అని. జవాబు ఆయన నాకు చెప్పి వెళ్ళారని వాళ్ళు అనుకుంటున్నారు. ఆట అయ్యేదాకా నేను దాచి ఉంచానని అనుకుంటున్నారు. నాకూ తెలియదని చెప్పాను. నమ్మలేదు. ఒట్టేసి చెప్పాను. బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. పిడికిళ్ళు గుండెల మీద పెట్టుకుని, జవాబు కోసం అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు.